కార్టిసోన్ ధర దిగడానికి బాట వేసిన బానిస మనుమడు

కీళ్లవాతానికి వైద్యుడు ఇచ్చే సూదిమందు, చర్మం దురద పెడితే రాసుకునే లేపనం, ఉబ్బసం ముదిరినప్పుడు మింగే చిన్న మాత్ర ఒకే కుటుంబానికి చెందిన మందులు. ఆ కుటుంబానికి మూలపురుషుని వంటిదైన కార్టిసోన్ ధర 1949లో అమెరికాలో గ్రాముకు సుమారు 200 డాలర్లు పలికింది. ఎద్దుల పిత్తరసం నుంచి మొదలుపెట్టి ముప్పైకి పైగా రసాయన దశలు దాటితే తప్ప అది తయారయ్యేది కాదు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే ధర కుప్పకూలి, ఆ మందు సామాన్య రోగికి అందుబాటులోకి వచ్చింది. ఈ మార్పుకు కారకులుగా పేర్కొనే వారిలో పెర్సీ లావన్ జూలియన్ ఒకరు. ఆయన అమెరికా నల్లజాతికి చెందిన రసాయన శాస్త్రవేత్త. 1975లో కన్నుమూశారు.

ఆయన సోయా గింజల నుంచి కార్టిసోన్‌ను కనుగొన్నారని కొన్ని వ్యాసాలలో కనిపిస్తుంది. ఇది సరికాదు. ఆయన చేసిన పని అంతకంటే చిక్కయినది. ఆయన దారిని సుగమం చేసి గమ్యానికి ఒక్క అడుగు దూరం దాకా వెళ్లారు. ఆ చివరి అడుగు వేసింది రొట్టె మీద పెరిగే జాతికి చెందిన ఒక బూజు. మరింత కచ్చితంగా చెప్పాలంటే ఆ బూజులోని ఒక ఎంజైమ్.

వేళ్లు నరికిన కథ

జూలియన్ 1899 ఏప్రిల్ 11న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో జన్మించారు. తాతగారు బానిస. రాయడం నేర్చుకున్న నేరానికి యజమాని ఆయన చేతి వేళ్లు రెండింటిని నరికించాడని కుటుంబంలో చెప్పుకునేవారు. తండ్రి రైలు తపాలా శాఖలో గుమాస్తా, తల్లి ఉపాధ్యాయురాలు. ఆరుగురు సంతానంలో పెర్సీ పెద్దవారు. తల్లిదండ్రుల పట్టుదల ఎంతటిదంటే ఆ ఆరుగురూ కళాశాల పట్టాలు పుచ్చుకున్నారు.

ఆ కాలపు మాంట్‌గోమరీలో నల్లవారి పిల్లలకు ఎనిమిదో తరగతి దాటి ప్రభుత్వ పాఠశాల లేదు. 1916లో ఇండియానా రాష్ట్రంలోని డిపా విశ్వవిద్యాలయంలో చేరిన జూలియన్, పగలు కళాశాల పాఠాలు వింటూ తప్పిపోయిన ఉన్నత పాఠశాల చదువును దానితోపాటే పూర్తి చేసుకోవలసి వచ్చింది. వసతి గృహంలో చోటు దొరకలేదు. తెల్ల విద్యార్థుల సంఘ భవనంలో భోజనాలు వడ్డిస్తూ, కొలిమి చూసుకుంటూ అటక మీద కాపురం పెట్టారు. 1920లో ఆయన తరగతికంతటికీ ప్రథముడిగా ఉత్తీర్ణులయ్యారు.

ఆ తరువాత కథ నల్లజాతి పట్టభద్రులందరి కథే. ఫిస్క్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం బోధించి, ఉపకార వేతనంపై హార్వర్డ్ వెళ్లి 1923లో మాస్టర్స్ పట్టా పొందారు. ఆ స్థాయి విద్యార్థులు సాధారణంగా సహాయ బోధకులుగా పనిచేస్తారు. నల్లవాడి వద్ద పాఠం వినడానికి తెల్ల విద్యార్థులు ఇష్టపడకపోవచ్చునన్న కారణంతో ఆయనకు ఆ అవకాశం ఇవ్వలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరింది కూడా ఈ సంవత్సరాల్లోనే. ఆయనకూ హార్వర్డ్ శాశ్వత స్థానం ఇవ్వలేదు. చివరికి లెడర్లీ సంస్థలో ఔషధ పరిశోధనకు సారథ్యం వహించి 1948లో న్యూయార్క్‌లో మరణించారు. విశ్వవిద్యాలయం కాదన్న ఇద్దరినీ పరిశ్రమ చేరదీసింది.

జూలియన్ డాక్టరేటు కోసం 1929లో ఆస్ట్రియా వెళ్లారు. వియన్నాలో ఎర్నస్ట్ స్పేత్ అనే ప్రసిద్ధ ఆచార్యుని వద్ద మొక్కల ఆల్కలాయిడ్‌లపై పరిశోధన చేసి 1931లో పట్టా అందుకున్నారు. అక్కడ వర్ణవివక్ష లేకుండా ఇళ్లకు ఆహ్వానించారు, సంగీత సభలకు తీసుకువెళ్లారు. ఆయనకు ముప్పై ఏళ్లు దాటిన తరువాత దొరికిన తొలి స్వేచ్ఛ అది.

స్వదేశం తిరిగి వచ్చి హోవర్డ్ విశ్వవిద్యాలయంలో విభాగాధ్యక్ష పదవిలో కుదురుకుంటున్న సమయంలో ఆయన స్వయంకృతం కొంత తోడై వివాదం రేగింది. వియన్నా నుంచి మిత్రునికి రాసిన ఉత్తరాలలో సహోద్యోగులను గురించి చేసిన వ్యాఖ్యలు 1932లో ఒక పత్రికకు ఎక్కాయి. జూలియన్ రాజీనామా చేయక తప్పలేదు. పాత గురువు, అప్పటికి డిపా విశ్వవిద్యాలయంలో డీన్ అయిన విలియం బ్లాంచర్డ్ ఆయనను ఆదుకొని పరిశోధకునిగా వెనక్కు పిలిపించారు.

ఆక్స్‌ఫర్డ్‌తో పోటీ

డిపాలో ఆయన చేపట్టింది ఫైసోస్టిగ్మిన్ అనే మందు. పశ్చిమ ఆఫ్రికాలోని కలబార్ గింజలో ఇది దొరుకుతుంది. నీటికాసులనే కంటి జబ్బుకు వాడేవారు. దీనిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయడానికి ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ రాబిన్సన్ కూడా ప్రయత్నిస్తున్నారు. రాబిన్సన్ ఆనాటి కర్బన రసాయన శాస్త్రానికి మకుటం లేని మహారాజు. దారిలోని ఒక కీలకమైన పదార్థాన్ని తాము తయారుచేశామని ఆయన బృందం అప్పటికే ప్రకటించింది. జూలియన్, వియన్నా నుంచి వెంట వచ్చిన సహచరుడు జోసెఫ్ పిక్ల్ తయారుచేసిన పదార్థం లక్షణాలు దానితో సరిపోలలేదు. రెండింటిలో ఒకటి తప్పు. ముప్పై అయిదేళ్ల నల్లజాతి పరిశోధకుడు, శాశ్వత ఉద్యోగమైనా లేనివాడు, రాబిన్సన్‌దే పొరపాటని అమెరికా రసాయన సంఘం పత్రికలో రాశారు. 1935లో పూర్తి సంశ్లేషణ ముగిసింది. పొరపాటు రాబిన్సన్‌దేనని తేలిపోయింది.

ఇంత జరిగినా డిపా పాలక మండలి ఆయనకు ఆచార్య పదవి ఇవ్వలేదు. డ్యూపాంట్ కంపెనీ ఇద్దరినీ ముఖాముఖికి పిలిచి, జూలియన్ నల్లవారని చూసి, పిక్ల్‌కు మాత్రమే ఉద్యోగమిచ్చింది. వెళ్లమని మిత్రుణ్ణి ఒప్పించింది జూలియనే. విస్కాన్సిన్‌లోని ఆపిల్టన్‌లో ఉన్న కాగిత రసాయన సంస్థ ఆయనను తీసుకోవాలనుకొంది. అయితే నల్లవారికి ఆ ఊళ్లో రాత్రి బస ఇవ్వరాదన్న పాత శాసనం అడ్డుపడింది. ఈ వ్యవహారం చెవినపడ్డ గ్లిడెన్ కంపెనీ ఉపాధ్యక్షుడు ఓబ్రియన్, చికాగోలోని తమ సోయా ఉత్పత్తుల విభాగానికి పరిశోధన అధిపతిగా 1936లో ఆయనను నియమించారు. గ్లిడెన్ రంగుల కంపెనీ.

ట్యాంకులో పడిన నీళ్లు

సోయా గింజలో నూనెతోపాటు మాంసకృత్తులు సమృద్ధిగా ఉంటాయి. జూలియన్ మొదట ఆ మాంసకృత్తులను విడదీసి, కాగితంపై పూతకు పనికివచ్చే సరుకుగా మార్చారు. నష్టాల్లో ఉన్న విభాగం లాభాల బాట పట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల మీద చమురు మంటలను ఆర్పిన నురుగు కూడా ఈ సోయా మాంసకృత్తుల నుంచి తయారైనదే. నావికులు దానికి గింజల సూపు అని పేరు పెట్టుకున్నారు.

అయితే చరిత్రలో నిలిచింది వేరొక సంఘటన. శుద్ధి చేసిన సోయా నూనె ఉన్న లక్ష గ్యాలన్ల ట్యాంకులోకి నీరు చేరి నూనె పాడైందని ఒకరోజు ఆయనకు కబురు వచ్చింది. అడుగున తెల్లని పదార్థం పేరుకొని ఉంది. మరొకరైతే నష్టం లెక్క కట్టేవారు. జూలియన్‌కు కలబార్ గింజల రోజులు గుర్తుకు వచ్చాయి. అప్పట్లో ఆ గింజల నూనెకు నీరు తగిలినప్పుడు ఇలాంటి స్ఫటికాలే ఏర్పడ్డాయి. అవి స్టిగ్మాస్టెరాల్. దాని నుంచి గర్భాన్ని నిలిపే హార్మోన్ అయిన ప్రొజెస్టిరాన్‌ను తయారుచేయవచ్చని జర్మన్ శాస్త్రవేత్తలు 1934లోనే నిరూపించారు. వారి ప్రయోగాలు అతి కొద్ది పరిమాణంలో జరిగాయి. ఇక్కడ ట్యాంకుల కొద్దీ సరుకు ఉంది.

పెద్ద ఎత్తున ఆ పనిని జరిపించే పద్ధతిని జూలియన్ రూపొందించారు. రోజుకు వంద పౌండ్ల సోయా స్టెరాల్స్‌ను మార్చే కర్మాగారం నడిచింది. 1940లో తయారైన తొలి పౌండు ప్రొజెస్టిరాన్‌ను సాయుధ రక్షణలో అప్‌జాన్ కంపెనీకి పంపారు. అంతకు ముందు జంతువుల అవయవాల నుంచి పిండే ఈ హార్మోన్, అటుపై గర్భస్రావాలను నివారించడానికి వైద్యులు ధైర్యంగా రాసే మందయింది.

పదకొండో స్థానం

1948 సెప్టెంబర్‌లో మేయో క్లినిక్ వైద్యుడు ఫిలిప్ హెంచ్, కీళ్లవాతంతో కదలలేని ఒక రోగికి కార్టిసోన్ ఎక్కించారు. కొద్ది రోజులకే ఆ రోగి నడిచింది. ప్రపంచమంతటా గగ్గోలు పుట్టింది. హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్ 1950లో నోబెల్ బహుమతి పొందారు. కాని మందు ఏది? మెర్క్ కంపెనీ పిత్తరసం నుంచి చేస్తున్నది ఆవగింజంత. 11వ స్థానంలో ప్రాణవాయువు ఉన్న పదార్థం లభించే స్ట్రోఫాంథస్ మొక్క గింజల కోసం అమెరికా ప్రభుత్వం ఆఫ్రికాకు అన్వేషకులను పంపింది.

ఈ 11వ స్థానమేమిటో పాఠకుడు తెలుసుకోవలసి ఉంది. స్టెరాయిడ్లన్నిటికీ నాలుగు వలయాలు పక్కపక్కన అతుక్కున్న ఒకే అస్థిపంజరం ఉంటుంది. అందులోని కర్బన పరమాణువులకు శాస్త్రజ్ఞులు వరుసగా సంఖ్యలు ఇచ్చారు. ప్రొజెస్టిరాన్‌కు 11వ కర్బనం మీద ప్రాణవాయువు లేదు, కార్టిసోన్‌కు ఉంది. కార్టిసోన్ కీళ్లవాపును తగ్గించడానికి ఆ ఒక్క పరమాణువే ఆధారం. ఆ స్థానం నడిమధ్యన ఉంటుంది, చుట్టుపక్కల రసాయనానికి పట్టు దొరికే చోటు లేదు. మెర్క్ వారు 12వ స్థానంలో ఉన్న ప్రాణవాయువును 11కు జరపడానికే దశల మీద దశలు ఖర్చు చేశారు.

మన శరీరానికి ఇది నిమిషాల పని. మూత్రపిండాల పైన టోపీల వలె ఉండే అడ్రినల్ గ్రంథుల వెలుపలి పొరలో, కణాల మైటోకాండ్రియాలో 11-బీటా హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఉంది. ఇది గాలిలోని ప్రాణవాయువు అణువును తీసుకొని రెండుగా చీలుస్తుంది. ఒక పరమాణువును స్టెరాయిడ్ 11వ స్థానంలో నాటుతుంది, రెండవది నీరుగా మారిపోతుంది. దానికి లోనికి వెళ్లేది సబ్‌స్టాన్స్-ఎస్ అని రైఖ్‌స్టైన్ పేరుపెట్టిన పదార్థం, బయటకు వచ్చేది కార్టిసోల్. మందుల దుకాణంలో దీని పేరు హైడ్రోకార్టిసోన్.

ఈ ఎంజైమ్ ఎంత ముఖ్యమైనదో అది లోపించిన శిశువులను చూస్తే తెలుస్తుంది. జన్యులోపం వల్ల ఈ ఎంజైమ్ లేకుండా పుట్టినవారిలో కార్టిసోల్ తయారు కాదు. దానికి ముందరి పదార్థాలు రక్తంలో పేరుకుపోయి చిన్న వయసులోనే రక్తపోటు పెరుగుతుంది, పురుష హార్మోన్లు మితిమీరి ఆడ శిశువుల జననాంగాల రూపే మారుతుంది. వారి రక్తంలో వైద్యులు కొలిచే పదార్థాల్లో సబ్‌స్టాన్స్-ఎస్ ఒకటి. అలాంటి బిడ్డలకు జీవితాంతం ఇవ్వవలసిన మందు మళ్లీ హైడ్రోకార్టిసోనే.

జూలియన్ 1949లో ఆ సబ్‌స్టాన్స్-ఎస్‌ను చౌకగా తయారుచేసే పద్ధతిని ప్రకటించారు. అంతకు ముందు అవసరమైన ఆస్మియం టెట్రాక్సైడ్ అనే అరుదైన, ఖరీదైన పదార్థం లేకుండానే పని జరిగే విధం అది. 11వ స్థానంలోని ఒక్క ప్రాణవాయువు మాత్రమే వెలితి.

ఆ వెలితిని పూడ్చింది 1952లో అప్‌జాన్‌కు చెందిన డ్యూరీ పీటర్సన్, హెర్బర్ట్ ముర్రే. రైజోపస్ అనే బూజును పెంచి ప్రొజెస్టిరాన్ అందిస్తే అది ఒకే అడుగులో 11వ కర్బనంపై ప్రాణవాయువును చేర్చింది. బూజు చేర్చిన దిశ మన గ్రంథి చేర్చే దిశకు వ్యతిరేకమే అయినా ఇబ్బంది లేకపోయింది. కార్టిసోన్‌లో ఆ స్థానం కీటోనుగా మారుతుంది గనుక దిశ భేదం చెరిగిపోతుంది. తరువాత ఫైజర్ శాస్త్రవేత్తలు కర్వులేరియా లునాటా అనే మరొక బూజును పట్టుకున్నారు. ఇది మన అడ్రినల్ గ్రంథి వలెనే సరైన దిశలో పనిచేసి, సబ్‌స్టాన్స్-ఎస్‌ను నేరుగా హైడ్రోకార్టిసోన్‌గా మార్చింది. జూలియన్ సరుకుకు దానితో గిరాకీ ఏర్పడింది.

ఇదిలా ఉండగా, కార్టిసోన్‌కు శరీరంలో కార్టిసోల్‌గా మారితే తప్ప బలం లేదు. కాలేయంలోని ఒక ఎంజైమ్ ఆ మార్పు చేస్తుంది. మూత్రపిండాల్లోని మరొకటి దానికి విరుద్ధంగా కార్టిసోల్‌ను ఆక్సీకరించి కార్టిసోన్‌గా అణచివేస్తుంది. మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే అతిమధురం ఈ రెండవ ఎంజైమ్‌ను నిరోధిస్తుంది. అతిగా నమిలినవారికి రక్తపోటు పెరగడానికి కారణం ఇదే.

ఇంటిపై డైనమైట్

1950లో చికాగో పత్రిక ఒకటి ఆయనను ఆ నగరపు ఏటి మేటి పౌరునిగా ఎంపిక చేసింది. అదే ఏడాది ఆయన కుటుంబం తెల్లవారు మాత్రమే నివసించే ఓక్ పార్క్‌లో ఇల్లు కొంది. గృహప్రవేశానికి ముందే, నవంబర్‌లో, దానిని తగలబెట్టడానికి దుండగులు ప్రయత్నించారు. 1951 జూన్ 12న ఇంటిపై డైనమైట్ విసిరారు. అది పిల్లల పడకగది కిటికీ సమీపంలో పేలింది. తల్లిదండ్రులు ఊళ్లో లేరు, పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. ఎవరికీ గాయాలు కాలేదు. తరువాత కొంతకాలం ఆయన తుపాకీ పట్టుకొని రాత్రిళ్లు ఇల్లు కాపలా కాశారు. ఊరు విడిచి వెళ్లలేదు. ఆ ఏడాదే చికాగోలోని ఒక క్లబ్బులో శాస్త్రవేత్తల విందుకు వెళ్లబోతే నల్లవారికి ప్రవేశం లేదన్నారు.

మెక్సికో దుంపల నుంచి స్టెరాయిడ్ల ముడిసరుకు సోయా కంటే చౌకగా దొరుకుతుందని అప్పటికే స్పష్టమైంది. మెక్సికోలోని సింటెక్స్ కంపెనీ టన్నుల లెక్కన ప్రొజెస్టిరాన్ సరఫరా చేస్తోంది. గ్లిడెన్ యాజమాన్యానికి హార్మోన్ల వ్యాపారంపై ఆసక్తి సన్నగిల్లింది. 1953లో జూలియన్ ఆ ఉద్యోగం వదలి, చికాగో శివారులోని ఫ్రాంక్లిన్ పార్క్‌లో స్వంత సంస్థ జూలియన్ లేబొరేటరీస్‌ను నెలకొల్పారు. ఎక్కడా ఉద్యోగం దొరకని నల్లజాతి రసాయన పట్టభద్రులకు అది ఆశ్రయమైంది.

సింటెక్స్ ఆయనకు ముడిసరుకు అమ్మలేదు. మెక్సికో ప్రభుత్వం దుంపల సేకరణకు అనుమతి నిరాకరించింది. అప్పుడు అక్కరకు వచ్చినవాడు అబ్రహాం జ్లాట్నిక్. నాజీల కాలంలో ఐరోపా నుంచి బయటపడడానికి ఈ యూదు మిత్రునికి జూలియన్ సహాయపడ్డారు. ఆయన గ్వాటెమాలాలో దుంపల జాడ తీసి పెట్టారు. అమెరికా సెనేట్ విచారణ ముందు జూలియన్ 1956లో సింటెక్స్ గుత్తాధిపత్యంపై ఫిర్యాదు చేశారు. వ్యాపారం పుంజుకొన్నది. 1961లో కంపెనీని స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ సంస్థకు 23 లక్షల డాలర్లకు విక్రయించారు. ఒక నల్లజాతి శాస్త్రవేత్త ఆనాడు ఆర్జించగలిగిన సొమ్ములో ఇది అసాధారణం.

భారతదేశానికీ ఈ దుంపల కథలో భాగముంది. కాశ్మీర్, హిమాచల్ ప్రదేశ్ కొండల్లో పెరిగే డయోస్కోరియా డెల్టోయిడియా అనే అడవి దుంపలో అదే ముడిసరుకు, డయోస్‌జెనిన్, ఉంటుంది. దశాబ్దాల తరబడి తవ్వకాలకు గురైన ఈ మొక్క నేడు అంతర్జాతీయ వాణిజ్యంపై ఆంక్షలున్న జాతుల జాబితాలో చేరింది.

2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. కార్టిసోల్ వంశానికి చెందిన డెక్సామెథాసోన్, వెంటిలేటర్‌పై ఉన్న కోవిడ్ రోగుల మరణాలను మూడో వంతు తగ్గించింది. కేంద్ర ఆరోగ్య శాఖ అదే నెల 27న దానిని చికిత్స విధానంలో చేర్చింది. చౌకగా, సమృద్ధిగా దొరికే మందు కాబట్టి దేశంలో కొరత రాలేదు. అయితే వైద్యుల సలహా లేకుండా, అవసరం లేనివారికీ దానిని వాడినందువల్ల 2021 మేలో మరో ఉపద్రవం వచ్చింది. స్టెరాయిడ్ల వల్ల రోగనిరోధక శక్తి తగ్గి, చక్కెర పెరిగిన రోగులను బ్లాక్ ఫంగస్ చుట్టుముట్టింది. తెలంగాణ ప్రభుత్వం మే 20న దానిని తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. దేశంలో ఆ వ్యాధికి ప్రధాన కారకం రైజోపస్ అరైజస్. అప్‌జాన్ శాస్త్రవేత్తలు స్టెరాయిడ్ తయారీకి మొదట వాడింది ఇదే బూజు.

జూలియన్ 1964లో స్వంత పరిశోధన సంస్థను స్థాపించి చివరి దాకా పనిచేశారు. భార్య ఆనా సమాజ శాస్త్రంలో డాక్టరేటు పొందిన విదుషి. 1973లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొంది. ఆ గౌరవం దక్కిన రెండవ నల్లజాతీయుడు ఆయన. కాలేయ క్యాన్సర్‌తో 1975 ఏప్రిల్ 19న, 76వ పుట్టినరోజు జరిగిన ఎనిమిది రోజులకు, ఇల్లినాయ్‌లోని వాకీగన్‌లో మరణించారు. వందకు పైగా పేటెంట్లు ఆయన పేర ఉన్నాయి. 1993లో అమెరికా తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. ఆచార్య పదవి నిరాకరించిన డిపా విశ్వవిద్యాలయం 1980లో తన విజ్ఞాన, గణిత భవనానికి ఆయన పేరు పెట్టింది. ఓక్ పార్క్‌లోని ఒక మాధ్యమిక పాఠశాల కూడా నేడు పెర్సీ జూలియన్ పేరుతోనే నడుస్తోంది.